వరుస మధ్యలో నిలబడిన జైనబీ పిన్ని

నీలగిరి తైలం వాసన తగిలితే నాకు నమాజు తప్పుతుంది. చదువుతున్న ఖురాన్ సూరా మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి అందుకోవలసి వస్తుంది. మొన్న మధ్యాహ్నం కూడా అదే జరిగింది. మా వీధికి కొత్తగా వచ్చిన కోడలు పిల్ల తలనొప్పికని కణతలకు ఆ తైలం రాసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఎండకు మా పరుపుల షెడ్డు రేకులు టపటపమంటున్నాయి. షెడ్డులో దూది నుసి ఇంకా గాలిలోనే ఉంది. ఆ నుసిలోంచి వాసన ముక్కుకు తాకగానే, పక్కనున్నది కోడలు పిల్ల అని తెలిసి కూడా, జైనబీ పిన్ని భుజమే నా భుజానికి తగిలినట్టయింది. ఆమె నమాజుకు నిలబడే ముందు మోకాళ్లకు ఆ తైలం రాసుకునేది. ఆమె గురించి నాకు మొదట తెలిసింది ఆ వాసన. ఆ తర్వాత కలిగింది అనుమానం. ఆ అనుమానం చాలాకాలం పోలేదు. పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను.

నేను పుట్టుకతో అనుమానం మనిషిని కాను. చదువు రాకపోవడం వల్ల అలా తయారయ్యాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు ఏదని అడిగితే, అక్కడ కూర్చున్న కుర్రాళ్లు నవ్వుకుంటూ ఒక బస్సు చూపించారు. అది నన్ను వినుకొండలో దింపింది. ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా ఇంకొకరిని అడిగేదాన్ని. ఆ ఇంకొకరి మాట కూడా నమ్మక మూడో మనిషి ముఖం చూసేదాన్ని. చదువు రాని మనిషికి అనుమానమే కళ్లజోడు. అది పెట్టుకునే నలభై ఏళ్లు దాటేదాకా బతికాను.

మాది పరుపులు కుట్టే ఇల్లు. దూదేకుల వాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ రాదు. మా ఆయన దస్తగిరికి, ఆయన అన్నకు కలిపి ఒక షెడ్డుంది. అందులో దూది ఏకే మిషను ఉంది. మధ్యాహ్నం అన్నాల వేళ మిషను ఆపితే మళ్లీ పొద్దు వాలాకే మొదలుపెట్టేవాళ్లు. జైనబీ పిన్ని రెంటచింతల నుంచి వచ్చి మా వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. ఒక రోజు నేరుగా షెడ్డులోకి వచ్చి మా ఆయన్ని అడిగింది.

"మిషను ఆగిన రెండు గంటలూ ఈ చోటు ఇయ్యి నాయనా. ఆడోళ్లకి నాలుగు అక్షరాలు నేర్పుతా. మద్దాన్నం జొహర్ నమాజు కూడా ఇక్కడే చదివిచ్చి పంపిస్తా."

మా ఆయన గడ్డం గోక్కుని, "గొడవ రానంత వరకే పిన్నీ. గొడవొస్తే తాళం ఏస్తా," అన్నాడు.

అక్కడ నేనుండాలని ఆయనే చెప్పాడు. దూది ఉన్న చోటు, ఎవరైనా ఉండి చూసుకోవాలి కదా. మా తోడికోడలు ఖాసింబీ అక్క ఇంకో కారణం కూడా కలిపింది. "ఇయ్యాళ చదువంటది, నమాజంటది. రేపేమంటదో చూడు. నువ్వు పలక పట్టుకోమాక, ఆమె మీద కన్ను పెట్టు." అలా నేను మొదటి రోజుల్లో గుమ్మం దగ్గర కూర్చుని చూసేదాన్ని.

మొదట నాకు నచ్చనిది ఆమె కూర్చునే తీరు. పంతులమ్మ అంటే అందరికీ ఎదురుగా కూర్చోవాలి కదా. ఈమె ఒక్కొక్కరి పక్కనా చతికిలబడి, వాళ్ల మోకాలికి మోకాలు ఆనించి, వాళ్ల పలక మీదే రాయించేది. ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేక అలా చేస్తోందేమో అనుకున్నాను. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఎదురుగా కూర్చుంటే నీ అక్షరం నాకు తలకిందులుగా కనపడిద్ది సైదమ్మా," అంది. "తప్పు రాసినా ఒప్పు లాగే ఉంటది. పక్కన కూర్చుంటే నువ్వు చూసేదే నేనూ చూస్తా. రా, ఆ గడప ఏమీ నేర్పదు."

ఎందుకు వెళ్లానో తెలియదు. వెళ్లాను. కానీ నమ్మి వెళ్లలేదు. ఆమె నేర్పుతున్నవి అసలైన అక్షరాలేనా అన్నది కూడా నాకు అనుమానమే. అందుకే ఒక సాయంత్రం బస్టాండుకు వెళ్లి, ఆగి ఉన్న ఒక బస్సు బోర్డు మీది గీతల్ని చూసి చూసి అరచేతి మీద పెన్నుతో గీసుకున్నాను. అది ఏ ఊరు బస్సని కండక్టరును అడిగి తెలుసుకున్నాను. మర్నాడు ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపి, ఇదేంటో చదవమన్నాను. చెమటకు సగం చెరిగిపోయిన ఆ గీతల్ని పిన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"రెంటచింతల. మా ఊరే," అంది. నా చెయ్యి వదలకుండానే, "కండక్టరు కూడా అదే చెప్పాడా?" అని అడిగింది.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా లోపలికి తొంగి చూసిందని కోపమొచ్చింది. అయినా ఆ రాత్రి అన్నం తింటూ, కంచం అంచు మీద వేలితో ఆ ఊరి పేరు రాసుకున్నాను.

అక్షరాల విషయంలో అనుమానం కొంత తగ్గింది కానీ, నమాజు దగ్గర పెరిగింది. మసీదులో ఇమాం సాబ్ అందరికంటే ముందు, ఒక్కరే నిలబడతారని మాకందరికీ తెలుసు. తలుపు సందులోంచి ఎన్నోసార్లు చూశాం. పిన్ని మాత్రం మాతో పాటే, మా వరుస మధ్యలో నిలబడేది. అటు కొందరు, ఇటు కొందరు. పాదాలు మా పాదాలతో సమానంగా, మహా అయితే ఒక వేలెడు ముందుకు. మధ్యాహ్నం నమాజు మనసులో చదువుకునేది కాబట్టి మాట వినపడదు. వంగేటప్పుడు, లేచేటప్పుడు అల్లాహు అక్బర్ అని మాకు వినపడేంత గొంతుతో అనేది, అంతే. మనసులో నిజంగా చదువుతోందో, ఊరికే పెదవులు కదుపుతోందో ఎవరికి తెలుసు? ముందు నిలబడితే తప్పు బయట పడుతుందని మధ్యలో దాక్కుందని నేను గట్టిగా అనుకున్నాను.

దానికి తోడు ఇంకొకటి జరిగింది. రెంటచింతల నుంచి ఆమె తమ్ముడు వచ్చి, నమాజు వేళకు షెడ్డులో ఉన్నాడు. ఆ రోజు అతను ముందుకెళ్లి నిలబడ్డాడు. పిన్ని ఒక్క మాట కూడా అనకుండా మాతో పాటు వెనక వరుసలోకి వచ్చేసింది. నిన్నటిదాకా చదివించిన మనిషి ఇవాళ వెనక్కి ఎందుకొచ్చినట్టు? మనిషిని బట్టి చోటు మారుస్తోందంటే, ఇదంతా ఆమె సొంత కల్పన అయి ఉండాలి. ఖాసింబీ అక్కకు చెబితే, "నేనేం చెప్పా నీకు?" అంది.

ఇక పరీక్ష పెట్టకుండా ఉండలేకపోయాను. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం నేను తప్ప ఎవరూ రాలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు ఆమె నన్ను కుడిపక్కన నిలబెట్టుకునేది. ఆ రోజు కావాలనే ఎడమపక్కన నిలబడ్డాను. ఏం చేస్తుందో చూద్దామని. ఆమె చేతులెత్తి కట్టుకుంది, నేనూ కట్టుకున్నాను. ఒక్క క్షణం. తర్వాత ఆమె తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి, నా మోచెయ్యి పట్టుకుని, తన వీపు వెనక నుంచి చుట్టూ తిప్పి కుడిపక్కకు తెచ్చి వదిలింది. చేతికి తైలం ఉంది. నమాజు అయ్యేదాకా ఆ తడి నా మోచేతి మీద చల్లగా తెలుస్తూనే ఉంది.

నమాజు ముగిసి సలాం తిప్పాక అడిగాను. "ఎందుకని తిప్పావు?"

"నువ్వెందుకని అటు నిలబడ్డావు?"

నేను మోచేతి మీది తడి కొంగుతో తుడుచుకున్నాను.

"ఎనకాల ఒక్కళ్లే ఉంటే కుడిపక్క నిలబడాల. ఎడంపక్క నిలబడ్డ పిల్లగాణ్ణి ప్రవక్తగారు ఇట్టాగే పట్టుకుని కుడిపక్కకి తెచ్చుకున్నారంట."

"నువ్వు చూశావా?"

"యాడ చూస్తా? మా నాయన చెప్పాడు."

"మీ నాయనకెవరు చెప్పారు?"

కోప్పడుతుందనుకున్నాను. ఆమె ముఖం విప్పారింది. "అడుగు. అట్టా అడుగు. మా నాయనకి ఎవరు, ఆయనకి ఎవరు అని అడుక్కుంటా పోతే చివరికి ఆ పిల్లగాడి దగ్గరికే చేరాల. మన పెద్దోళ్లు చేసిన పనంతా అదే. ఎవరి దగ్గర విన్నావు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని అనుమానపడతా, వాకబు చేస్తా ఊళ్లూళ్లు తిరిగారు. అడగటం తప్పు కాదే పిచ్చిదానా. సగం అడిగి ఊరుకోటం తప్పు."

తమ్ముడొచ్చిన రోజు సంగతి కూడా అప్పుడే అడిగేశాను. మగవాడు చదివించేటప్పుడు, సొంత అక్కయినా, పెళ్లామయినా ఆడవాళ్లు వెనకే నిలబడాలని, ఆడవాళ్లలో ఒకరు చదివిస్తే ఆమె వరుస మధ్యలో ఉండాలని చెప్పింది. చోటు మనిషి గొప్పను బట్టి కాదు, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి మారుతుందంది. నా అనుమానాన్ని తిట్టకుండా దానికి పని చూపించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. అంత మాత్రాన నమ్మానని కాదు. తియ్యగా మాట్లాడేవాళ్లను ఇంకా ఎక్కువ అనుమానించాలని నా అనుభవం.

రంజాన్ నెల వచ్చేసరికి షెడ్డులో ఆడవాళ్లు రెండు వరుసలకు సరిపోయేంతమంది అయ్యారు. ఒక మధ్యాహ్నం మేం వెళ్లేసరికి మిషను ముందున్న కుట్టు గట్టు మీద కొత్త పరుపు ఒకటి పరిచి ఉంది. ఎర్ర చారల గుడ్డ, మూలలు తీర్చి, పొంగుతున్నట్టు దూది కూరిన పరుపు. ఖాసింబీ అక్క పక్కనే నిలబడి ఉంది. పరుపులు కుట్టేవాళ్లం మేము. పెద్ద మనిషికి మర్యాద చెయ్యాలంటే మాకు తోచేది అదే. అది మర్యాదేనా, ఎర వేసిందా అన్నది నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"ఈ పూట నీకు ఇదీ చోటు," అంది అక్క. "అందరికీ కనపడతా చదివిచ్చు."

పిన్ని దగ్గరికెళ్లి పరుపును అరచేత్తో నొక్కి చూసింది. "మంచి దూది. ఎవరు కుట్టారు?"

"నేనే."

"కుట్టు చానా బాగుంది. పడుకుంటే లేవబుద్ధి కాదు. నమాజుకి మాత్రం నుదురు గట్టిగా ఆనాల, ఇట్టా లోపలికి కుంగకూడదు. నా తల దీంట్లో దిగబడితే మీరే ఎతుక్కోవాల."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క ముఖం మాడింది. "పరుపు తీసేస్తా. గట్టు మీద నిలబడు మరి."

"మీరంతా కింద, నేనొక్కదాన్నే పైనా? కూడదు."

"అయితే కిందనే, ముందుకు నిలబడు. ఏం, భయమా?"

"భయమే," అంది పిన్ని. "ముందు నిలబడ్డ మనిషికి ఎనకాల ఎవరున్నారో కనపడదు."

"మసీదులో ఇమాం సాబ్ ముందు నిలబడట్లా? ఆయనకి తెలియంది నీకు తెలిసిందా?"

"ఆయన మగోళ్లకి చదివిస్తాడు. ఆయన చోటు ముందే. నా చోటు ఇదే." పిన్ని వచ్చి మా మధ్యలో నిలబడింది. మెల్లగా నాకు మాత్రం వినపడేలా, "రెంటచింతల ఎండలో పుట్టినదాన్నే, మీ అక్క మాటలకి కాలతానా," అని మోకాళ్లు సవరించుకుంది.

ఆ సాయంత్రానికల్లా గొడవ మా ఆయన చెవిన పడింది. ఆయన అన్నతో చెప్పించింది అక్క. "తాళం ఏస్తానని ముందే చెప్పా," అన్నాడు మా ఆయన. తాళం పడితే నమాజుతో పాటు పలకలు కూడా పోతాయి. నాకప్పటికి ఒత్తులు ఇంకా సరిగా రావడం లేదు. చదువు మధ్యలో ఆగిపోతే మళ్లీ బస్టాండులో ఎవరి ముఖమో చూస్తూ నిలబడాలి. అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాటకు నాకే ఆశ్చర్యమేసింది.

"ఇమాం సాబ్‌ని అడుగుదాం. అడక్కుండా తాళమెందుకు?"

మర్నాడు సాయంత్రం అసర్ నమాజయ్యాక ఇద్దరం మసీదు గేటు దగ్గరికి వెళ్లాం. ఇమాం సాబ్ మెట్ల మీదికి వచ్చారు. మా ఆయన మొదలుపెట్టాడు. "సాబ్, మా షెడ్డులో ఒకామె ఆడోళ్లకి ఇమాంలాగా చదివిస్తంది. తప్పే గదా?"

అడిగిన తీరులోనే జవాబు పెట్టేశాడని నాకు అర్థమైంది. ఇమాం సాబ్ నోరు విప్పకముందే కలగజేసుకున్నాను. "ఆమె ముందు నిలబడదు సాబ్. వరస మధ్యలో, మాతో సమానంగా నిలబడిద్ది. అది సరైందా కాదా చెప్పండి."

ఆయన నా వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ జవాబు చెప్పారు. "రెండు మాటలు చెబుతాను. కలిపేయొద్దు. ఆడవాళ్లు విడిగా, ఒకరి వెనక అందరూ కలిసి జమాతు చేయడం మనం నడిచే హనఫీ పద్ధతి పెద్దలకు ఇష్టం లేదు. ఇంట్లో ఎవరికి వారు చదువుకోవడం మేలన్నారు. వేరే ఇమాముల్లో పరవాలేదన్నవాళ్లు, మంచిదే అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఇది మొదటి మాట. చేస్తే మాత్రం చదివించే ఆమె వరుస మధ్యలోనే నిలబడాలి. ప్రవక్తగారి ఇంటి ఆడవాళ్లు కూడా అలాగే నిలబడి చదివించారని మాకు చేరింది. ఇది రెండో మాట." తర్వాత, "ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది?" అని అడిగారు.

"వాళ్ల నాయన దగ్గర."

"సరిగ్గానే నేర్పాడు."

దారిలో మా ఆయన, "ఇష్టం లేదన్నారు, విన్నావుగా," అన్నాడు. "మధ్యలోనే నిలబడాలన్నారు, విన్నావుగా," అన్నాను నేను. ఒకే జవాబును చెరొక సగం పట్టుకుని ఇంటికొచ్చాం.

రెండో సగం మాత్రమే చెప్పి పిన్నిని సంతోషపెట్టొచ్చు. కానీ రెండూ చెప్పాను. చెబుతూ ఆమె ముఖమే చూశాను. ఆ ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఆ మొదటిది నాకు ఎరికే," అంది.

ఇన్నాళ్లూ నేను పసిగట్టలేని మోసమేదో ఇదేనేమో అనిపించింది. "తెలిసి మాకు చెప్పలేదేం?"

"నేను యాడ నిలబడాలో అడిగావు. అసలు నిలబడొచ్చా అని అడగలా నువ్వు."

"ఇది జవాబు కాదు పిన్నీ."

"కాదు," అని ఒప్పుకుంది. పలక మీది సుద్ద తుడిచింది. "మీలో ఎవరికీ నమాజు సరిగా రాదు. మసీదులోకి పోరు, ఉర్దూ అర్థం కాదు. పక్కన ఒక మనిషి నిలబడి చేస్తే గానీ రాదు. వేరే ఇమాముల మాట పట్టుకుని చదివిచ్చా. ఇప్పుడు మీకొచ్చింది. ఇక ఎవరిది వాళ్లు చదువుకోండి. మీ ఆయనకి చెప్పు, పలకల వరకన్నా ఉంచమని."

మా ఆయన ఉంచాడు. చదువుకు సరే, నమాజు ఎవరిది వారు చదువుకోవాలి అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అందరం వరుసగా నిలబడ్డాం. పిన్ని అదే చోట, మా మధ్యలో నిలబడింది. అల్లాహు అక్బర్ అని పైకి అనలేదు. ఖాసింబీ అక్క గుమ్మంలో నిలబడి నమాజు అయ్యేదాకా చూసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"మానేశారా లేదా మీరు?"

"మానేశాం అక్కా."

"మరి నిన్నటికీ ఇయ్యాటికీ తేడా ఏంది? అదే వరస, అదే చోటు."

"ముందు నిలబడి ఉంటే ఎనక్కి రావాల్సొచ్చేది. ఆమె ఎప్పుడూ ఇక్కడే ఉందిగా."

అక్క తల ఊపింది కానీ కళ్లు నమ్మలేదు. ఆమెను తప్పు పట్టలేను. నాకూ నమ్మకం లేదు. పిన్ని వంగితే అందరం వంగుతున్నాం, లేస్తే లేస్తున్నాం. అలవాటుకు కలుస్తున్నామా, లేక ఇంకా ఆమె వెనకే చదువుతున్నామా? కొన్నాళ్లు చూసి చూసి ఒక రోజు అడిగాను.

"పిన్నీ, ఇది జమాతా, కాదా?"

"నువ్వు ఏమనుకుని నిలబడ్డావు?"

నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పమాక. చెప్పాల్సినోడికి చెప్పు. మనసులో అనుకునే నీయత్ అంటే అదే."

ఆమె ఏమనుకుని నిలబడిందో నన్ను అడగనివ్వలేదు. ఆ ప్రశ్న ఇక అడగడానికి లేదు. ఆమె ఒక ఎండాకాలం రెంటచింతలలో తమ్ముడి ఇంటికెళ్లి అక్కడే కన్నుమూసింది. కబురందాక నేనొక్కదాన్నే బస్టాండుకెళ్లి, ఎవరినీ అడగకుండా బోర్డు చదివి ఆ బస్సెక్కాను. ఎక్కాక కండక్టరును కూడా అడిగాను. అలవాటు. తిరిగొచ్చిన మర్నాడు షెడ్డులో వరుస మధ్యన ఒక మనిషి పట్టేంత సందు కనిపించింది. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు జరిగారు. భుజాలు కలిశాయి. వరుస దగ్గరపడేసరికి మధ్యలో ఉన్నది నేను.

ఇప్పుడు పరుపుల పని తగ్గింది, అందరూ ఫోము పరుపులే కొంటున్నారు. షెడ్డుకు వచ్చే ఆడవాళ్లూ తగ్గారు. వచ్చినవాళ్లకు నేను పక్కన కూర్చునే అక్షరాలు దిద్దిస్తాను. ముందు నిలబడి మాట్లాడే ఎవరిని చూసినా, ఏ సభలో చూసినా, నాకు మొదట కలిగేది అనుమానమే. ఈ మాట ఎవరి దగ్గర విన్నాడు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని లోపల ఒక గొంతు వాకబు మొదలుపెడుతుంది.

మొన్న మధ్యాహ్నం కోడలు పిల్ల, నేను ఇద్దరమే ఉన్నాం. ఎవరి నమాజు వాళ్లదే. మా షెడ్డులో అప్పటి నుంచీ అదే పద్ధతి. ఆ పిల్ల తెలియక నా ఎడమపక్కన నిలబడింది. నేను చేతులు కట్టుకున్నాక తైలం వాసన వచ్చింది. సూరా ఆగింది. నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే వెనక్కి వెళ్లి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని, నా వీపు వెనక నుంచి తిప్పి కుడిపక్కకు తెచ్చింది.

సలాం తిప్పాక ఆ పిల్ల కనుబొమలు ముడిచి, "ఎందుకు తిప్పారత్తా నన్ను?" అంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒక్కళ్లే ఉంటే కుడిపక్క నిలబడాలని చెప్పాను.

"ఎవరు చెప్పారు?"

"జైనబీ పిన్ని."

"ఆమెకెవరు చెప్పారు?"

"అడుగు," అన్నాను. "అట్టా అడుగు." ఆ పిల్ల అడిగినంత దూరం చెప్పాను. అయితే అడగవలసిన ఒక్క ప్రశ్న దానికి ఇంకా తట్టలేదు. ఎవరి నమాజు వాళ్లదే అయినప్పుడు, చదివించే మనిషిలా పక్కనున్న పిల్లను కుడికి తెచ్చుకోవలసిన పని నాకేమిటి? ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటూ ఆ ప్రశ్న నన్ను నేనే అడుక్కున్నాను. జవాబు మాత్రం పైకి అనలేదు.